ఎనిమిదో నియమం

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ నియమాలు 9. స్కౌటు పొదుపరి అయి ఉండాలన్నది ఎనిమిదోది. మిగతావి పిల్లలు ఎప్పుడు మీరతారా అని పెద్దలం కాచుకుని కూర్చుంటాం. ఈ ఒక్కదాన్ని మాత్రం మనమే మీరతాం, అదీ రశీదులతో సహా.

నేను సోషల్ మాస్టార్ని. స్టాఫ్ మీటింగ్ రోజున సెలవు పెట్టిన పాపానికి స్కౌట్ మాస్టర్‌ని కూడా అయ్యాను. నవంబరు 7 వస్తోంది. 1950లో ఆ రోజునే దేశంలోని స్కౌటు సంఘాలు కలిసి ఒకటయ్యాయి కాబట్టి ట్రూప్ మీటింగు కాస్త ఘనంగా ఉండాలని పైమాట. ఎస్టిమేటు గుమాస్తాగారి దగ్గర పాత ఫైల్లో సిద్ధంగానే ఉంది: ఫ్లెక్సీ, షామియానా, మైకు సెట్టు, బొకేలు, శాలువా, మెమెంటో, వేదిక మీదికి మంచినీళ్ళ సీసాలు. అన్నిటికన్నా కింద, పిల్లలకు అల్పాహారం.

మొత్తం చూసి హెడ్మాస్టారు గుండె పట్టుకున్నారు. ఎర్ర పెన్ను తీసి, పైనుంచి కిందికి రెండుసార్లు చదివి, ఆఖరి లైను కొట్టేశారు. "పిల్లలకేముంది మాస్టారూ, ఇంటి దగ్గర తినే వస్తారు." ముఖ్య అతిథిగారు మాత్రం ఇంట్లో శాలువాల్లేక వస్తున్నారా అని అడుగుదామనుకున్నాను. నాలుగో నియమం మర్యాద గురించి కనుక ఊరుకున్నాను.

బేడెన్ పవెల్ 1907 ఆగస్టులో బ్రౌన్‌సీ ద్వీపంలో తొలి శిబిరం పెట్టినప్పుడు, పెద్ద పెద్ద బడుల్లో చదివే పిల్లల దగ్గర ఒక పౌను తీసుకుని, మామూలు ఇళ్ళ పిల్లల దగ్గర మూడున్నర షిల్లింగులతో సరిపెట్టాడు. అప్పట్లో పౌనుకి ఇరవై షిల్లింగులు. ఇదే పద్ధతి మన కమిటీలో పెడదామన్నాను. ఊళ్ళో పెద్దపెద్ద మేడలున్నవాళ్ళంతా ఒక్కసారిగా మామూలు ఇళ్ళవాళ్ళైపోయారు.

దాంతో పాట్రోల్ లీడర్లని పిలిచి, డబ్బు లేదు, మీరే చెప్పండర్రా అన్నాను. అసలు స్కౌటింగులో మీటింగు ఎలా జరగాలో వాళ్ళే కూర్చుని తేల్చుకోవాలి, దానికి కోర్ట్ ఆఫ్ ఆనర్ అని గొప్ప పేరు కూడా ఉంది. ఆ గౌరవసభ పావుగంటలో తీర్మానించింది: ఆట, తిండి, మళ్ళీ ఆట. ఉపన్యాసం అన్న మాటే రాలేదు. షామియానాకి బదులు వేపచెట్టు.

ముడులకి మా నూతి దగ్గరి పాత కొబ్బరి తాడు ముక్కలు చేసి తెచ్చాను. రీఫ్ నాట్‌లో మొదట కుడి కొస ఎడమ దాని మీదుగా వెళ్ళాలి, రెండోసారి ఎడమ కొస కుడి దాని మీదుగా. రెండుసార్లూ కుడినే పైన వేస్తే చూడ్డానికి ముడిలాగే ఉంటుంది, లాగితే జారిపోతుంది. సగంమంది రెండో రకమే వేశారు. ఇక క్లోవ్ హిచ్ నేర్పుదామని పుస్తకం తెరిచేలోగా ఆరో తరగతి బుడతడొకడు వేపకొమ్మకి ఒంటిచేత్తో బిగించేశాడు, తాడు వంకైనా చూడకుండా.

"ఎక్కడ నేర్చుకున్నావురా?"

"మా గేదెని కట్టేది ఇలాగే సార్. తాడు చూస్తూ కూర్చుంటే అది పొడిచేత్తాది."

నేను పుస్తకం మూసేశాను.

ముఖ్య అతిథిని తప్పించడం నా వల్ల కాలేదు. శాలువా బదులు మెడలో స్కార్ఫు వేశాం. అది మా ఆనవాయితీయే, అందుచేత ఆయన కాదనలేకపోయారు. స్కార్ఫు అసలు సొంతదారు మాత్రం, మళ్ళీ తనకి దక్కుతుందో లేదోనని మీటింగైనదాకా ఆయన వెనకాలే తిరిగాడు.

ఆయన్ని కుర్చీలో ఊరికే కూర్చోబెడితే ప్రసంగిస్తారని భయపడి కిమ్ ఆటలోకి దించాం. 1901లో వచ్చిన కిప్లింగ్ నవల 'కిమ్'లో, సిమ్లాలో రత్నాల వ్యాపారి లర్గన్ సాహెబు దగ్గర కుర్రాడు నేర్చుకునే ఆట ఇది. మాకు రత్నాలెక్కడివి? పిల్లల జేబులు దులిపితే గోళీలు, చింతపిక్కలు, బస్సు టిక్కెట్టు, పిన్నీసు, సోడా మూత, విరిగిన రబ్బరు... ఇరవై నాలుగు వస్తువులు ఇట్టే పోగయ్యాయి. ఒక్క నిమిషం చూపించి తువ్వాలు కప్పేశాం. అతిథిగారికి తొమ్మిది గుర్తొచ్చాయి. గేదె కుర్రాడు పంతొమ్మిది చెప్పాడు. అందులో హెడ్మాస్టారి ఎర్ర పెన్ను మూత కూడా ఉంది. అదెలా వచ్చిందని ఆయనా అడగలేదు, మేమూ చెప్పలేదు.

అల్పాహారం పాట్రోల్‌కో సరుకు చొప్పున పంచాం. మరమరాలు ఒకరు, ఉల్లిపాయలు ఒకరు, పల్లీలు ఒకరు, పచ్చిమిర్చీ నిమ్మకాయలూ ఒకరు. బొగ్గులు రాజుకునేసరికి తేలిందేమంటే, ఎందుకైనా మంచిదని ప్రతివాడూ మిర్చి తెచ్చాడు. పిడత కింద పప్పు తయారైంది. అతిథిగారు రెండో పొట్లం అడిగారు. మొదటిది తిన్నప్పుడే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, దాన్నే పిల్లలు ఆయన ప్రసంగం కింద లెక్కేసుకుని చప్పట్లు కొట్టారు.

మర్నాడు ఖర్చు సున్నా అని రాసిస్తే గుమాస్తాగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"తాడు ఎక్కడిది మాస్టారూ?"

"మా ఇంటిది."

"అయితే అది విరాళం. విరాళానికి రశీదివ్వాలి. రశీదు పుస్తకం అయిపోయింది, కొత్తది అచ్చేయించాలి. మూడు కొటేషన్లు పట్రండి."