కండెన్సర్ అంకుల్

ఖాజాగూడ గుట్టల వయసు 250 కోట్ల ఏళ్లంటారు. వాటి పక్కన మొలిచిన టవర్లలో మాత్రం ఏ వస్తువైనా ఐదేళ్లు దాటితే సెల్లార్ పాలే. అలా దిగినవాటిని చంకన పెట్టుకుని మళ్లీ పైకి తెచ్చే పెద్దమనిషి ప్రతి గేటెడ్ కమ్యూనిటీలోనూ ఒకరుంటారు. ఈసీఐఎల్‌లోనో, బీహెచ్ఈఎల్‌లోనో రిటైరై, సాఫ్ట్‌వేర్ కొడుకు ఫ్లాట్‌లో ఒక బాల్కనీ సంపాదించుకుని, అందులో సోల్డరింగ్ ఐరన్ వేడెక్కిస్తూ కనిపిస్తారు. మా టవర్‌లో ఆయన పేరు ఎవరికీ తెలీదు. కండెన్సర్ అంకుల్ అంటే సెక్యూరిటీ వాళ్లు కూడా ఫ్లాట్ నంబరు చెబుతారు.

ఆయనది ఈసీఐఎల్. 1975లో ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి 2,400 పల్లెలకు టీవీ పాఠాలు దిగినప్పుడు, ఆ సెట్లు తయారైంది అక్కడే. వాటిలో కొన్నింటికి తాను సోల్డర్ పెట్టానని మొదట్లో చెప్పేవారు. ఈమధ్య ఆ కొన్ని సగం దాటాయి. వచ్చే వినాయక చవితికి 2,400 పూర్తవుతాయని మా అంచనా.

ఏది చెడినా ఆయన మాట ఒకటే: “ముందు సప్లై చూడండి.” వీసీఆర్ ఆడకపోయినా, ఎవరికైనా కళ్లు తిరిగినా, కోడలి ప్రాజెక్టు ఆగినా సరే, లోపం సప్లైలోనే ఉంటుంది. సప్లైలో అంటే కండెన్సర్‌లో. “లోపల రసం ఎండిపోతుందండీ. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుంది.” ఇది చెబుతూ ఎదుటివాళ్లని నెత్తి నుంచి కాళ్లదాకా ఓసారి చూస్తారు. ఉబ్బినవాటిని ఆయన వేలితోనే గుర్తుపడతారు కాబట్టి పొట్ట ఉన్నవాళ్లం కాస్త దూరంగా నిలబడతాం.

ఏడో అంతస్తు ఆవిడ ఓ రోజు వీసీఆర్ తెచ్చింది. “మొన్నటిదాకా ఆడింది అంకుల్. ఇల్లు మారుతూ ప్లగ్గు తీశాం, అంతే.”

అంకుల్ మొహం వెలిగిపోయింది. “అయ్యో, ప్లగ్గు తీశారా తల్లీ!” అన్నారు, చావు కబురు విన్న గొంతుతో, పెళ్లి కబురు విన్న మొహంతో. సప్లైలో ఓ చిన్న కండెన్సరుంటుంది, పక్కనున్న వాటి వేడికి ఏళ్ల తరబడి ఎండుతుంది. కరెంటు ఉన్నంతకాలం ఆ వెచ్చదనంలోనే ఎలాగో నెట్టుకొస్తుంది. ఒక్కసారి చల్లారితే మళ్లీ లేవదు. రుజువు కావాలంటే దాన్ని వేడి చేసి చూడాలి. అంకుల్ కోడలి హెయిర్ డ్రయర్ తెచ్చి ఊదారు. వీసీఆర్ లేచి కూర్చుంది. కోడలు ఆ ఉదయం మీటింగంతా కెమెరా ఆపేసి, తడి జుట్టుతో కానిచ్చింది.

ఇంట్లో ఆంటీ బాధ వేరు. 90ల నాటి కొన్ని క్యామ్‌కార్డర్లలో బోర్డుకి అంటుకుని ఉండే బుల్లి కండెన్సర్లు కారి, రాగి గీతల్ని తినేస్తాయి. ఐరన్ తగలగానే వాటినుంచి చేపల వాసన వస్తుంది. ఉల్లి కూడా లెక్కచూసి తినే ఇల్లది. “ఏమండీ, ఆ చేపలేవో లిఫ్టు దగ్గర వేయించుకోండి” అంటుందావిడ.

విడిభాగాలు మనవడు ఫోన్లో తెప్పిస్తానంటే అంకుల్‌కి అవమానం. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ దగ్గర దిగి, కోఠి గుజరాతీ గల్లీకి నడిచి వెళ్తారు. 85 డిగ్రీల వేడి తట్టే కండెన్సర్ ఇస్తే పుచ్చు వంకాయలా వెనక్కి తోసి, 105 డిగ్రీలది తీసుకుంటారు. మెట్రో టికెట్టు ముందు దాని ఖరీదు లెక్కలోకే రాదు.

కండెన్సర్ మారింది. వీసీఆర్ మాత్రం ఏడో అంతస్తుకి దిగలేదు. బెల్టు సాగిందన్నారు. పించ్ రోలర్ గట్టిపడిందన్నారు. హెడ్ ఇంకోసారి తుడవాలన్నారు. నేను గమనించిందేమంటే, ఆయనకి బాగుపడ్డ యంత్రంతో పనిలేదు. రోగం కుదిరిందంటే దాన్ని ఇచ్చేయాలి, ఇచ్చేస్తే బాల్కనీ బోసిపోతుంది. పైగా కొత్తవి పుట్టవు. జపాన్ ఫునాయ్ కంపెనీ కూడా వీసీఆర్ల తయారీ ఆపేసింది 2016లోనే.

చివరికి ఏడో అంతస్తు ఆవిడ వచ్చి కూర్చుంది. క్యాసెట్ పెట్టక తప్పలేదు. 1994 నాటి పెళ్లి. తెరమీద, ఇప్పుడు లేని వాళ్ల నాన్నగారు కాళ్లు కడుగుతున్నారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆంటీ కూడా కళ్లు తుడుచుకుంది.

“చూశారా?” అన్నారు అంకుల్.

“చూశాను అంకుల్...”

“నాన్నగారిని కాదమ్మా, కింద గీత. అది హెడ్ స్విచింగ్‌ది, ఉండాల్సిందే. ఆ పసుపు మాత్రం పంచె దాటి పక్కకి కారుతోంది. ఇంకో వారం ఉంచండి.”

ఆవిడ మాట్లాడకుండా లేచి ప్లగ్గు మీద చెయ్యి వేసింది.

“తీయకండి!”

“కొత్త కండెన్సర్ వేశారుగా అంకుల్?”

“వేశాను. నాకు నమ్మకమే. అయినా ఎందుకైనా మంచిది.”

కొడుకు కంప్యూటర్ కింది యూపీఎస్ ఊడదీసి, దానికి వీసీఆర్ తగిలించి, అది కుయ్యోమంటుంటే మనవడి చేత మోయించి, లిఫ్టులో ఏడో అంతస్తుకి దింపించారు.