పొగే మసాలా

హైదరాబాద్ రోడ్ల పక్కన సీకులకు గుచ్చి కాల్చే కబాబ్‌కు బోర్డు అక్కర్లేదు, పొగే ప్రకటన. మాంసంలోని కొవ్వు కరిగి నిప్పుల మీద చుక్కలుగా పడుతుంది. లేచిన పొగ తిరిగొచ్చి ముక్కకే అంటుకుంటుంది. ఆ పొగలో బెంజోపైరీన్ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ రాసిన క్యాన్సర్ కారకాల జాబితాలో దానికి మొదటి వర్గంలో, పొగాకు సరసన పీట వేశారు. నాలుక మాత్రం దాన్ని ‘స్మోకీ ఫ్లేవర్’ అంటుంది.

ముక్క పైన మాడి, లోపల పచ్చిగా ఉండటం ఈ వంటకే చెల్లిన విద్య. కోడిమాంసం నడిమధ్య దాకా సుమారు 74 డిగ్రీల సెల్సియస్ వేడి చేరితే సాల్మొనెల్లా భయం తీరుతుంది. బండి దగ్గర థర్మామీటర్ ఉండదు, విసనకర్ర ఉంటుంది. పచ్చిమాంసం గుచ్చిన చెయ్యే ఉల్లిపాయ చల్లుతుంది, చిల్లరా ఇస్తుంది. పక్కన నంజుకునే పచ్చిగుడ్డు మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది.

పెరుగు, నిమ్మరసం, అల్లంవెల్లుల్లిలో నానబెడితే మాడినప్పుడు పుట్టే హానికారకాలు కొంత తగ్గుతాయి. మాడిన అంచు కోసి పారేస్తే ఇంకొంత. ఆ అంచు కోసమే వచ్చినవాళ్లకు ఈ సలహా రుచించదు.

ఇక పొట్లం. వార్తాపత్రికల్లో తినుబండారాలు చుట్టడాన్ని 2018 నాటి ఆహార ప్యాకేజింగ్ నిబంధనలు నిషేధించాయి, సిరా ఒంట్లోకి పోతుందని. ఈ చురక అచ్చయిన కాగితానికీ ఆ నిషేధం వర్తిస్తుంది.