నేను క్యూ తరగతి విమానాన్ని

నేను సెస్నా 172ని. 1977లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం, విచిటాలో పుట్టాను. నాలుగు సీట్లు, 160 హార్స్ పవర్ ఇంజన్, ముక్కు మీద రెండు రెక్కల ప్రొపెల్లర్. మా జాతి విమానాలు ఇప్పటికి 44 వేలకు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో ఇంకే విమానానికీ ఇంత సంతానం లేదు. ఈ గొప్ప నేల మీద చెప్పుకోవడానికే. పైకి వెళ్లాక అడిగేది ఒక్కటే, నీ వేగమెంత అని. నాది 110 నాట్లు. బాగా తోస్తే 120.

నా మకాం శాన్ డియాగోలోని మాంట్‌గోమరీ ఫీల్డ్. ఇరుగుపొరుగు అంతా పెద్దవాళ్లే. ఉత్తరాన మిరమార్ మెరైన్ స్థావరం, అక్కడివి ఫైటర్లు. దక్షిణాన ఒకే ఒక్క రన్‌వేతో రోజంతా జెట్లను దించి ఎగరేసే అంతర్జాతీయ విమానాశ్రయం. వాయవ్యంగా పోతే లాస్ ఏంజెలెస్, దాని చుట్టూ పేటకో విమానాశ్రయం. వీటన్నిటి మీదా పసిఫిక్ నుంచి వచ్చే మబ్బు. మే, జూన్ నెలల్లో పొద్దున్నే తీరమంతా కప్పేస్తుంది. ఇక్కడివాళ్లు దానికి ‘మే గ్రే, జూన్ గ్లూమ్’ అని పేర్లు కూడా పెట్టుకున్నారు. ఆ పొర దాటితే పైన ఫెళ్లున ఎండ. కానీ పొరలో దూరాలంటే కంటిచూపుతో నడిపే అనుమతి చాలదు, పరికరాలను నమ్మి నడిపే ఐఎఫ్ఆర్ అనుమతి కావాలి. ఆ అనుమతితో పాటే దారి కూడా నేల మీది కంట్రోలర్లే చెబుతారు. నా కథంతా ఆ దారి గురించే.

నా ఎడమ సీట్లో రకరకాల దేశాల పిల్లలు కూర్చుని నేర్చుకుంటారు. ఈమధ్య ఒక గుంటూరు కుర్రాడు వచ్చాడు. పక్కన ఇన్‌స్ట్రక్టర్ కరీంనగర్ వాడు. కుర్రాడు ఐప్యాడ్‌లో మాంట్‌గోమరీ నుంచి లాంగ్ బీచ్‌కి వేలితో సూటిగా ఒక గీత గీశాడు.

“అన్నా, ఎనభై మైళ్లే కదా. సూటిగా డైరెక్ట్ అని ఫైల్ చేసేద్దామా?”

“చెయ్యి తమ్ముడూ. నువ్వు ఏది రాసిచ్చినా వాళ్లు ఇచ్చేది గిదే,” అని పెద్దోడు చార్ట్ సప్లిమెంట్ అనే పుస్తకం తెరిచి ఒక వరుస చూపించాడు. ఓషన్‌సైడ్ రేడియో బీకన్, అక్కణ్నుంచి విక్టర్ 23 అనే వాయుమార్గం, తీరం వెంబడి సీల్ బీచ్ బీకన్ దాకా.

కుర్రాడు వినలేదు, సూటి గీతే పంపాడు. ఇంజన్ స్టార్ట్ చేసి అనుమతి అడిగితే, అవతలి గొంతు తాపీగా, “ఫుల్ రూట్ క్లియరెన్స్, రాసుకోవడానికి సిద్ధమా?” అంది. రాసుకునే కాగితం వాడి చేతిలో లేదు. పెద్దోడు నవ్వు ఆపుకోవడానికి కిటికీలోంచి నా రెక్క కేసి చూశాడు.

ఈ దారుల పద్ధతి పేరు టవర్ ఎన్‌రూట్ కంట్రోల్, పొట్టిగా టెక్. మామూలుగా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఐఎఫ్ఆర్‌లో వెళ్లే విమానాన్ని బయల్దేరినచోట విమానాశ్రయాల చుట్టుపక్కల ఆకాశాన్ని చూసుకునే అప్రోచ్ కంట్రోల్ ఎత్తుకుని, దూరప్రయాణాలు చూసుకునే సెంటర్‌కి అప్పగిస్తుంది. దక్షిణ కాలిఫోర్నియాకి ఆ సెంటర్ పామ్‌డేల్‌లో ఉంది. మళ్లీ దిగేచోట ఇంకో అప్రోచ్ కంట్రోల్ అందుకుంటుంది. గంట కూడా పట్టని ప్రయాణానికి ఇంత తతంగమా? అందుకే 10 వేల అడుగుల లోపు, సాధారణంగా రెండు గంటలకు మించని ప్రయాణాల్ని సెంటర్ దాకా పోనివ్వకుండా అప్రోచ్ కంట్రోళ్లే చేతులు మార్చుకుంటూ గమ్యం చేర్చే ఏర్పాటు చేశారు. ఇక్కడైతే కిందటి శతాబ్దంలో లాస్ ఏంజెలెస్, బర్బ్యాంక్, ఆంటారియో, శాన్ డియాగోలకు వేరువేరుగా ఉన్న రాడార్ గదుల్ని కలిపి సోకాల్ అప్రోచ్ చేశారు. తమాషా ఏమిటంటే, నేను లాంగ్ బీచ్ మీద ఉండగా నాతో మాట్లాడే మనిషి కూర్చునేది శాన్ డియాగోలోనే, నన్ను కట్టేసే చోటికి కాస్త ఉత్తరాన.

గది ఒకటైనా ఆకాశం ముక్కలుగానే ఉంటుంది. ఒక్కో ముక్కకి ఒక కంట్రోలర్. నేను ముక్క మారే ముందు అవతలి కంట్రోలర్ నన్ను ఒప్పుకోవాలి. ఎవడికి తోచిన గీత వాడు గీసుకొస్తే, ప్రతి గట్టు దగ్గరా ఒకరికొకరు ఫోన్ చేసుకుని బేరమాడాలి. టెక్ దారి అంటే ఆ బేరం ముందే కుదిరిపోయిందన్నమాట. ఫలానా తరగతి విమానం, ఫలానా ఎత్తులో, ఫలానా బీకన్ మీదుగా వస్తుందని ఇద్దరికీ తెలుసు.

తరగతులు నాలుగు. జెట్లు జే. 190 నాట్లు, ఆ పైన పోయే టర్బోప్రాప్‌లు ఎం. జెట్ కాకపోయినా 190 అందుకునేవి పీ. 189, అంతకు లోపు పోయేవన్నీ క్యూ. పుస్తకంలో దారి పక్కన జేఎం70పీక్యూ50 అని ఉంటే జెట్లు, టర్బోప్రాప్‌లు 7 వేల అడుగుల్లో, మేము 5 వేలల్లో అని అర్థం. నన్ను కింద పెట్టారని నాకు చిన్నతనం లేదు. జెట్ వెనక వీచే సుడిగాలి కిందికి దిగుతుంది కాబట్టి, ఆ ఎత్తుల మధ్య ఖాళీ నాకే ముఖ్యం.

పెద్ద విమానాలతో ఆకాశం పంచుకోవడం ఎంత ప్రమాదమో మా ఊరికి తెలుసు. 1978 సెప్టెంబర్ 25న నా జాతి విమానమే ఒకటి, ఇదే మాంట్‌గోమరీ నుంచి వెళ్లి, పెద్ద విమానాశ్రయం దగ్గర పరికరాలతో దిగడం సాధన చేస్తోంది. ఆకాశం నిర్మలంగా ఉంది. వెనక నుంచి దిగుతున్న బోయింగ్ 727కి ముందు సెస్నా ఉందని చెప్పారు. కనిపించిందని వాళ్లూ అన్నారు. తర్వాత చూపు తప్పింది. నార్త్ పార్క్ ఇళ్ల మీద రెండూ కూలాయి. 144 మంది పోయారు. ఎనిమిదేళ్లకు, 1986 ఆగస్టు 31న, లాస్ ఏంజెలెస్ దగ్గర సెరిటోస్ మీద ఒక చిన్న పైపర్, ఒక డీసీ-9 ఢీకొన్నాయి. 82 మంది.

టెక్ దారి ఉంటే ఇవి జరిగేవి కావని నేననను. మొదటిది విమానాశ్రయం ముంగిట జరిగింది. రెండోదాంట్లో పైపర్ అనుమతి లేకుండానే ఆ గగనతలంలోకి వెళ్లింది. నాకు అర్థమైంది మాత్రం ఒకటుంది. కళ్లు పెట్టుకుని తప్పుకుందాం అనే ఒప్పందం 110 నాట్లకీ, దానికి రెట్టింపు వేగానికీ మధ్య నిలబడదు. నేనెక్కడ ఉంటానో నన్ను చూడని వాడికి కూడా ముందే తెలిసి ఉండాలి.

దీనికో ఖర్చుంది, దాచను. నా అద్దె, ఇంజన్ నడిచిన సమయాన్ని కొలిచే హాబ్స్ మీటరు లెక్కన కడతారు. వంపు తిరిగిన ప్రతి మైలూ గుంటూరులో అప్పు చేసి పంపిన తండ్రి జేబులోంచే పోతుంది. “ఇంకా ఎన్ని గంటలు కావాల్రా?” అని ఆయన ఫోన్లో అడగడం నా వెనక సీటు దాకా వినిపిస్తుంది. అయితే మీటరు ఎక్కువగా తిరిగేది దారి వంపు వల్ల కాదు, నేల మీద కొత్త అనుమతి కోసం ఇంజన్ తిప్పుకుంటూ నిలబడటం వల్ల. ఫ్లైట్ ప్లాన్‌లో పుస్తకంలోని దారే రాసి, రిమార్కుల్లో టెక్ అని చేరిస్తే, చాలాసార్లు అడిగిందే ఇస్తారు. తీరిక ఉన్న వేళ సోకాల్ వాళ్లే, “డైరెక్ట్ సీల్ బీచ్” అని వంపు కోసేస్తారు. సూటి దారి అడిగితే రాదు గానీ, ఇలా అప్పుడప్పుడూ దానంతటదే వస్తుంది.

ఇప్పుడు నా డాష్‌బోర్డులో జీపీఎస్ ఉంది. నేల మీది బీకన్లను ప్రభుత్వం ఒక్కొక్కటే ఆపేస్తోంది. బీకన్ పోయినచోట దారి తిరగరాస్తున్నారు, చార్ట్ సప్లిమెంట్ 56 రోజులకోసారి కొత్తది వస్తోంది.

మీ పిల్లల్ని పైలట్ చదువుకి ఇటు పంపుతున్నారా? ఆ చార్ట్ సప్లిమెంట్ అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కాలిఫోర్నియా దారులు నైరుతి సంపుటిలో ఉంటాయి. తేదీ చూసి దించుకోమనండి, మొదటి పాఠానికి ముందే.