గల్లాకు సాఫ్ట్ క్లోజా?

బాదేపల్లి మార్కెట్ కాడ అడ్తి దుకాణాల బల్లలకు సొరుగులు చేసిన చేతులివి. ఇప్పుడు సొరుగు ఛానల్ కోసం జడ్చర్లల ఏ హార్డ్‌వేర్ దుకాణానికి పోయినా ముందుగాల "సాఫ్ట్ క్లోజా, మామూలుదా?" అంటరు. సొరుగుల ఏం పెడతవు, ఎంత బరువుంటది అని అడిగెటోడు ఒక్కడు లేడు.

మా కాలంల ఛానల్ ఏడిది? సొరుగు కింద రెండు దిక్కుల తుమ్మ పట్టీలు, గుంజితే ముందుకు వంగకుండ మీద ఇంకో పట్టీ. మైనపువత్తి రుద్దితే ఒక్క చేత్తోని జారేది. సబ్బు రాసెటోళ్ళు గూడ ఉండిరి గాని, సబ్బు తేమ గుంజుతది, నేనైతే ఒప్పుకోను. పల్లికాయ సీజన్ల ఎంత దుమ్ము లేచినా గుడ్డతోని తుడిస్తే పాయె. వానకాలంల కట్టె ఉబ్బి బిగుసుకునేది, అది నిజమే. అందుకే పక్కకు సూతు సందు ఇడిసెటోళ్ళం, ఎండకాలంల లొడలొడ అన్నా సరే అని.

ఛానల్ చెడ్డదని అంటలేను. గోలీల ఛానల్, అదే టెలిస్కోపిక్, మంచి వస్తువే. 45 మిల్లీమీటర్ల వెడల్పుది జతకు మామూలుగ 35 నుంచి 45 కిలోల దాక మోస్తది, సొరుగు మొత్తం బయటికొస్తది. తెల్లరంగు రోలర్ ఛానల్ సొరుగును మొత్తం బయటికి రానియ్యది, బరువు గూడ తక్కువే మోస్తది. బట్టలకు, కాయితాలకు అది చాలు. ఇత్తడి గిన్నెల సొరుగుకు అదే బిగించుకొని, వేలాడుతున్నదని వడ్లాయనను తిడితే ఎట్ల?

ఇగ కొలత సంగతి. ఛానల్‌కు ఒక్కో పక్క అర ఇంచు, అంటే నాలుగు సూతులు కావాలె. ఖాళీ కన్న సొరుగు ఇంచు చిన్నగుండాలె. ఇప్పటి పిలగాండ్లు ఇంచు తీసి ప్లైవుడ్ కోస్తరు, కోసినంక రెండు పక్కల మైకా అతికిస్తరు. మైకా మందం మిల్లీమీటరు, దాని కింద జిగురు. సందు పాయె, ఛానల్ కర్రుమంటది. అప్పుడు నూనె పోస్తరు! నూనెకు దుమ్ము పట్టి గట్టిపడ్డంక కంపెనీ మంచిది కాదంటరు. సొరుగు ఊడదీయాలంటే నల్ల ప్లాస్టిక్ నాలిక ఒక దిక్కు మీదికి, ఇంకో దిక్కు కిందికి నొక్కాలె. తెల్వక గుంజితే గోలీలు ఇల్లంత.

44వ నంబరు రహదారి పక్క మెకానిక్ షెడ్లల పానాలు, జాకీలు పెట్టే సొరుగులకు ఈ 45 కిలోలవి పనికిరావు. వంద కిలోలకు పైన మోసేటివి వేరే ఉన్నయి, మందం ఎక్కువ, సందు గూడ ఎక్కువ అడుగుతయి. కట్టెకోత మిషన్ కాడైతే నేను ఇప్పటికీ తుమ్మ పట్టీలే వేస్త. ఛానల్ గ్రీజుకు రంపపుపొట్టు పడితే గోలీలు తిరుగయి.

మొన్న ఒక అడ్తి సేటు గల్లాకు సాఫ్ట్ క్లోజ్ పెట్టమన్నడు. అది చప్పుడు లేకుండ మూసుకుంటది, గల్లాకేమో చప్పుడు కావాలె గదా! ఎనకట కొన్ని గల్లాలకు కావాలని గంట బిగించెటోళ్ళు, సేటు కాంటా కాడ నిలబడ్డా ఎవరో తెరిచిన్రని చెవికి తెలవాలని. ఇదే చెప్పిన. "తాతా, గిప్పుడంత ఫ్యాషన్ గదే" అన్నడు పక్కన పనిచేసే పిలగాడు. సరే, పెట్టినం. ఆ తర్వాత సేటు గల్లా నెత్తిమీద సీసీ కెమెరా బిగించుకున్నడు.