అడవిగాచిన వెన్నెలలో ఆర్తనాదం

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం, ఒలింపియా చుట్టుపక్కల ఇలాంటివాడు ఒకడు తప్పకుండా తగులుతాడు. బొడ్డు దాకా గడ్డం, నల్ల చొక్కా, బూట్ల నిండా నాచు. చొక్కా మీద ఎండుపుల్లల మోపు విప్పి పారేసినట్టు ఏదో బొమ్మ. బొమ్మ కాదు, అతని బ్యాండు పేరు. బ్యాండంటే అతనొక్కడే. ఆ పేరు కన్నతల్లి కూడా కూడబలుక్కుని చదవలేకపోయింది. అతనికి అంతకన్నా మెప్పు లేదు.

అతను వాయించే సంగీతం బ్లాక్ మెటల్, నార్వేలో ముదిరిన సరుకు. 1992లో బెర్గెన్ దగ్గర ఫాంటోఫ్ట్ కొయ్య చర్చి తగలబడ్డ రోజుల్లో అక్కడి కుర్రాళ్లు మొహానికి తెలుపూ నలుపూ పులుముకుని సైతానుకు జేజేలు కొట్టారు. మనవాడు గిటారు మోత తెచ్చుకుని అగ్గిపెట్టె అక్కడే వదిలేశాడు. వేసవిలో ఎవరైనా అడవిలో మంట వేస్తే రేంజరుకు మొదటి ఫోను ఇతనిదే. సైతాను పీట మీద దేవదారు చెట్టును కూచోబెట్టాడు.

అతని ఇలవేల్పు మాత్రం ఆ ఊరి అన్నదమ్ములు పెట్టిన బ్యాండు, వుల్వ్స్ ఇన్ ద థ్రోన్ రూమ్. 2006లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ గంటసేపు సాగుతుంది, పాటలు నాలుగే. మనవాడికి అవి కాస్త పొట్టిగా తోచాయి. తన పాటలో మొదటి ఆరు నిమిషాలూ వానే. ఆ ఊళ్లో నవంబరు వానకు కొదవేమిటి? కానీ రికార్డు చేసిన ప్రతిసారీ మధ్యలో ఏ లారీయో హారన్ కొడుతుంది. వాన వెలిశాక డ్రమ్ములు దడదడలాడతాయి, అతను గొంతు చించుకుంటాడు. ఒక్క ముక్క అర్థం కాదు. పాట రాసిన కాగితం అడిగి చూస్తే గుడ్లగూబ, వేళ్లు, మంచు, ఆఖర్న మానవజాతి సర్వనాశనం.

రికార్డింగు బాగుంటే పరువు తక్కువ. అందుకని పాత డొక్కు మైకు ఒకటి కొన్నాడు, మంచి మైకు కంటే ఎక్కువ పోసి.

ఈ సర్వనాశనం కోరేవాళ్లంత మంచి ఇరుగుపొరుగు దొరకరు. నార్వేలో డార్క్‌థ్రోన్ బ్యాండు ఫెన్రిజ్ పిల్లిని ఎత్తుకుని ఫోటో దిగి, నాకు ఓటెయ్యకండి మహాప్రభో అని మొత్తుకున్నా జనం వినలేదు, ఊరి కౌన్సిల్‌కు ప్రత్యామ్నాయ సభ్యుణ్ణి చేశారు. మా వాడూ అంతే. చలికాలం మేం హైదరాబాద్ వెళ్తూ కరివేపాకు కుండీ ఇతనికి అప్పగించాం. తిరిగొచ్చేసరికి చీకటి స్తోత్రాలు రాసుకునే ఆ గదిలో కుండీ మీద రాత్రీ పగలూ లైటు వెలుగుతోంది.

“ఇదేమిటయ్యా?” అన్నాను.

“చీకటి దానికి పడదండీ,” అన్నాడు, నొచ్చుకుంటూ.

డబ్బిస్తే పుచ్చుకోలేదు. మా ఇంట్లో పప్పు తాలింపు వేస్తుంటే మాత్రం పరుగున మైకు తెచ్చి మూకుడు పక్కన పెట్టాడు. కొత్త ఆల్బమ్‌లో ఒకచోట అడవి చిటపటలాడుతూ తగలబడిపోతుంది. అవి మా ఆవాలు.