తెరుచుకోని కిటికీ

సముద్రం కనబడాలట! అందుకని దక్షిణం గోడంతా అద్దం. ఓడలరేవు దగ్గర మన కొబ్బరితోటలో నువ్వు కట్టబోయే సెలవులిల్లు ప్లాను చూశాన్రా మనవడా, కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాను. అంత అద్దంలో తెరుచుకునే రెక్క ఒక్కటి లేదు. ఇదేంటయ్యా అని మీ ఆర్కిటెక్టుని ఫోన్లో అడిగితే, తెరిస్తే ఏసీ చల్లదనం పోతుంది సార్ అన్నాడు. వేసవి సాయంత్రాలు పైరగాలి వచ్చేది ఆ దక్షిణం నుంచే కదరా! ఆ గాలి కోసమే మేం మంచాలు వాకిట్లో వేసుకునేవాళ్లం. ఇప్పుడు మీరు దానికి అడ్డంగా అద్దం బిగించి, లోపల కరెంటుతో ఇంకో గాలి పుట్టించుకుని, మే నెలలో దుప్పటి కప్పుకుంటారు.

అసలు మా రోజుల్లో సెలవులకని వేరే ఇల్లు ఎవడు కట్టాడు? బడికి సెలవులిస్తే అమ్మమ్మగారింటికి పోయేవాళ్లం. మామిడిపళ్లు అయిపోయేదాకా కదిలేవాళ్లం కాదు, పొమ్మనేవాళ్లూ లేరు. మా మేనమామల పెళ్లాలు మనసులో ఏమనుకునేవారో, అది నన్నడక్కు. నువ్వేమో, మేం లేని రోజుల్లో అద్దెకిస్తాం తాతయ్యా, ఖర్చులు అదే సంపాదించుకుంటుంది అంటావు. ఊరూ పేరూ తెలియనివాళ్లు డబ్బు కట్టి మన పడకగదిలో పడుకుంటే అది ఇల్లా, సత్రమా? సత్రంలో అన్నమైనా ఊరికే పెట్టేవారు.

మా నాన్న మండువా ఇంటికి ఆనుకుని చావడి కట్టించినప్పుడు నేను చిన్నవాణ్ణి. గుల్లలు కాల్చిన సున్నంలో ఇసుక కలిపి ఎద్దుల గానుగలో రుబ్బేవారు. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయలు నానేసిన నీళ్లు పోసేవారు. ఎద్దుల వెనకాల తిరగడమే మాకు పెద్ద ఆట. మేస్త్రీ అటు తిరిగితే చాలు, ఆ బెల్లం మా జేబుల్లోకి పోయేది. ఎంత తిన్నామో గానీ, తూర్పు మూల గోడ మాత్రం చివరిదాకా కాస్త మెత్తగానే ఉండేది. ఆ పని తెమలడానికి ఏడాది దాటింది. దాటితే ఏం? నీ కాంట్రాక్టరు నాలుగు నెలల్లో తాళాలిస్తానన్నాడని మురిసిపోతున్నావు!

మండువా ఇల్లంటే నాలుగు పక్కలా వసారాలు, నడుమ ఆకాశం. వేడి గాలి పైకి పోయేది, వీధి గుమ్మంలోంచి చల్లగాలి లోపలికొచ్చేది. వానొస్తే నాలుగు వైపుల నీళ్లూ నడిమి పల్లంలోకి దిగి తూము గుండా దొడ్లోకి పోయేవి. చూర్లు ఎంత కిందికి దిగేవంటే జల్లు గోడని తాకడానికి దారుండేది కాదు. నీ ప్లానులో చూరేదిరా? అగ్గిపెట్టెలా నిలబెట్టి తెల్ల రంగు కొట్టారు. ఒక్క శ్రావణమాసం పోనీ, గోడలు నల్లబడి పాచి పట్టకపోతే అడుగు. ఇక ఉప్పుగాలి సంగతి. అది కాంక్రీటులోకి చొరబడి లోపలి ఇనుముకి తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఉబ్బుతుంది, పెచ్చులూడి నెత్తిన పడతాయి. ఇనుము మీద కాంక్రీటు మందంగా పొయ్యమని నీ కాంట్రాక్టరుకి చెప్పు. నేను చెప్పానని చెప్పకు, వినడు.

1996 నవంబరు 6 రాత్రి మాట తీస్తావని నాకు తెలుసు, మీ నాన్న నూరిపోసే ఉంటాడు. ఆయ్, నిజమే. ఆ తుపానుకి కోనసీమ కొబ్బరితోటలు వరసలు వరసలుగా కూలిపోయాయి, మన పెంకులన్నీ లేచిపోయాయి. మేమంతా పరిగెత్తి తలదాచుకున్నది పక్కవీధిలో ఒకాయన స్లాబు ఇంట్లోనే. కాపాడింది స్లాబే, ఒప్పుకుంటాను. కానీ కిటికీలన్నీ బిగించిన ఆ ఇంట్లో తెల్లవార్లూ ఎంత ఉక్కపోసిందో మీ నాన్న చెప్పాడా?

మా రోజుల్లో సముద్రం ఒడ్డున కట్టుకోవడానికి అనుమతులేవీ అక్కర్లేదు. మాలో ఎవడూ కట్టేవాడు కాదు కాబట్టి. వేటకెళ్లేవాళ్లు తాటాకు గుడిసెలు వేసుకుని, కెరటం ముందుకొస్తే వెనక్కి జరిగేవారు. 1991లో కేంద్రం తీరానికి నిబంధనలు తెచ్చింది. పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా లెక్కలోకొచ్చింది, పల్లెల్లో మొదటి 200 మీటర్లలో కొత్త ఇళ్లు వద్దన్నారు. 2011లో ఒకసారి, 2019లో ఒకసారి మళ్లీ సవరించారు. కాగితం మీద గీత జరిపితే చాలా? సముద్రానికి చదువొచ్చా? అటు సముద్రం, ఇటు కాలువ ఉండగా మధ్యలో నీ ప్లానులోని ఈతకొలను దేనికో అది కూడా నాకర్థం కాలేదు.

సరే, కట్టుకోబోయేది నువ్వు. అరుగు మాత్రం పెట్టించు. మీ ఆర్కిటెక్టు దాన్ని సిటౌట్ అంటాడట, అననీ. మూడడుగుల ఎత్తు తగ్గకూడదు. 1986 ఆగస్టులో గోదారి పొంగి లంకలన్నీ మునిగినప్పుడు నీళ్లు మన అరుగు కిందే ఆగాయి. అంత ఎత్తు మీరెక్కగలరా తాతయ్యా అని నవ్వకు. పక్కన వాలుగా దారొకటి పోయించి, పట్టుకోడానికి కమ్మీ పెట్టించు. నాక్కాదు, మీ మామ్మకి. ఆ కమ్మీ కూడా ఇనుముది వద్దు.