ఆకురాయి వైద్యం

కారు ఎడమకు లాగుతోందనో, ముందు టైరు లోపలి అంచు నున్నగా అరిగిందనో అలైన్‌మెంట్‌కు తీసుకెళ్తే, తెరమీద కాంబర్ (చక్రం నిలువు నుంచి లోపలికో బయటికో వాలిన కోణం) అంకె ఎర్రగా కనిపిస్తుంది. మాక్‌ఫెర్సన్ స్ట్రట్ ఉన్న మన చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాల దగ్గర కంపెనీ ఇచ్చిన సర్దుబాటు టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగిన కోణం) ఒక్కటే. కాంబర్‌కు తిప్పే నట్టే ఉండదు. నట్టు లేకపోతేనేం, ఆకురాయి ఉందిగా! బానెట్ ఎత్తి, స్ట్రట్ మౌంటు బోల్టులు దూరే రంధ్రాలను కోలగా అరగదీసి, మౌంటును కాస్త బయటికి జరిపి బిగించేస్తారు. అంకె పచ్చబడుతుంది. చెప్పు కరుస్తోందని కాలివేలు చెక్కించుకోవడం కూడా వైద్యమే అనుకుంటే, ఇదీ వైద్యమే.

కంపెనీ గేటు దాటినప్పుడు సరిగ్గా ఉన్న కోణం ఊరికే తప్పదు. గుంతలో పడి లోయర్ ఆర్మో, స్టీరింగ్ నకులో వంగి ఉంటుంది. బుష్ చిరిగి ఉంటుంది. స్ప్రింగ్ కుంగి ఉంటుంది. ఒక పక్క కాంబర్ ఎంత పెరిగిందో రెండో పక్క అంతే తగ్గితే, సబ్‌ఫ్రేమ్ పక్కకు జరిగిందేమోనని ముందు అనుమానించాలి. అదే అయితే దాని బోల్టులు వదులు చేసి మధ్యకు తెస్తే సరిపోయేదానికి బాడీనే అరగదీస్తున్నాం. అదీ కొంచెం కాదు. కింది బాల్ జాయింట్ నుంచి పై మౌంటుకు సుమారు 60 సెంటీమీటర్లనుకుంటే, ఒక్క డిగ్రీ మారాలంటే పైభాగం సుమారు ఒక సెంటీమీటరు జరగాలి. గుండ్రటి రంధ్రంలో బోల్టు పక్కకు జరగడానికి చోటుండదు. కోల రంధ్రంలో దాన్ని ఆపేది బిగింపు ఒక్కటే. మన స్పీడ్ బ్రేకర్లు ఆ బిగింపును రోజూ పరీక్షిస్తాయి. రంగు ఊడిన అంచున తుప్పు మొదలవడం అదనపు సేవ, దానికి బిల్లు వేయరు.

రేసు కార్లలో ఇదే చేస్తారు కదా అంటారు. అక్కడ వాడేది గీతలు, లాకులతో అందుకోసమే చేసిన కాంబర్ ప్లేటు; పైగా వాళ్లకు టైరు మన్నిక పట్టదు. కొన్ని కంపెనీల మాన్యువళ్లే రంధ్రం సాగదీయమంటాయన్న వాదనలో మాత్రం నిజముంది. కానీ అవి చెప్పేది సాధారణంగా స్ట్రట్ కింది బోల్టు రంధ్రం గురించి. వంగిన ఆర్మును అలాగే ఉంచమని ఏ మాన్యువలూ చెప్పదు. ఇక ఖర్చు తక్కువన్న మాట. చిరిగిన బుష్ అక్కడే ఉండగా టైరు మళ్లీ అరుగుతుంది, ఆ డబ్బు ఎవరిస్తారు?

కాబట్టి ఆకురాయి చేతికి తీసుకున్న మెకానిక్‌ను, ముందు బండిని లిఫ్ట్ ఎక్కించి లోయర్ ఆర్మ్, బుష్‌లు, సబ్‌ఫ్రేమ్ చూపించమనండి. చూపించనంటే తాళం చెవి తీసుకుని వచ్చేయండి.